లేని మంచుబండి

పుస్తకంలో నా పేరు మోన్స్.
ఎప్పుడూ ముక్కు కారుతూ, ఎప్పుడూ వెనకబడుతూ,
పదకొండో పేజీలో గంజిగిన్నెలో పడతాను.
నిజానికి పడింది తనే.
మా అక్క తోర్దిస్.
నోట్లో నువ్వుగింజ నానదు గానీ
ఈ ఒక్క సంగతి మాత్రం అరవై ఏళ్లు దాచింది.

మే నెల వస్తే బస్సు వస్తుంది.
ఫ్యోర్డు ఒడ్డున, పాలక్యాన్లు దింపే పాత రేవు దగ్గర
ఇరవైమంది పిల్లల్ని దించుతుంది.
ముందు టీచరమ్మ, ఆమె చంకలో పుస్తకం.
"ఇదేనా ఆ ఇల్లు?"
ఇదే అంటాను.
రాతికాళ్ల మీద నిలబడ్డ ధాన్యపుకొట్టు చూపిస్తాను,
ఎలుకలు ఎక్కకుండా కాళ్ల మీద పరిచిన పలకరాళ్లు,
గడ్డి ఆరేసే కర్రల వరసలు.
ఇప్పుడవి ఖాళీ.
జులైలో తడిబట్టల్లా గడ్డి వేలాడితే
కింద దూరి మేం దాక్కున్న ఆ పచ్చటి చీకటిని
ఎలా చూపించను?
అందుకని సీసాకి రబ్బరు పీక తగిలించి
గొర్రెపిల్లకి పాలు పట్టనిస్తాను.
అది లాగే బలం చేతికి తగలగానే
వాళ్ల ముఖాలు మారిపోతాయి.
అది నాకిష్టం.

ఆ తర్వాత, ప్రతి ఏడూ, ఎవరో ఒకరు:
"నీలం మంచుబండి ఎక్కడ?"

లేదు. ఎప్పుడూ లేదు.
నాన్న చేస్తానన్నది నిజం.
బిర్చి చెక్క కోసి పొయ్యి వెనక ఆరబెట్టిందీ నిజం.
ఆ శీతాకాలం పడవ పక్కటెముక విరిగింది.
చెక్క పడవలోకి వెళ్లింది,
పడవ చేపలకి వెళ్లింది,
మేం చేపలు తిన్నాం.
ఎవరూ ఏమీ అనలేదు.
మా ఇంట్లో మాటలకి కూడా ఉప్పు పట్టించి
అటక మీద మాంసం పక్కన వేలాడదీసేవాళ్లు.

అక్క మాత్రం రాత్రి గొర్రెతోలు దుప్పటి కింద
నన్ను ఆ బండి ఎక్కించేది.
కొట్టం కప్పు మీంచి చర్చి గంట దాకా,
గంట మీంచి గడ్డకట్టిన నీళ్ల మీదికి,
వెనక నేను, ఆమె నడుం పట్టుకుని.
"గట్టిగా పట్టుకో, మలుపొస్తోంది."
మంచం పట్టె కిర్రుమనేది.
పక్కగదిలో నాన్న దగ్గేవాడు.

తర్వాత తను బెర్గెన్ వెళ్లింది, ప్రూఫులు దిద్దే ఉద్యోగానికి.
ఏడు పుస్తకాలు రాసింది.
ఏడింట్లోనూ ఈ కొండే,
ఏడింట్లోనూ నేను వెనకబడుతూ.

మొన్న మార్చిలో, డెబ్బై రెండో ఏట,
గొడ్డలి పట్టుకుని అడవిలోకి పోయాను.
అడుగుచెక్కల్ని ఆవిరి పట్టి వంచాను.
నీలం కోసం మూడు డబ్బాలు మార్చాను:
ఒకటి పోలీసు బండిలా ఉంది, ఒకటి ఆసుపత్రి గోడలా.
గొలుసుతో గీకాను, పాతదనం రావాలని.
వారం రోజులు పెంటకుప్పలో పాతిపెట్టాను.
దొంగనోట్లు అచ్చేసేవాడి గుండె
ఎలా కొట్టుకుంటుందో తెలిసింది.

బస్సు వచ్చింది.
కొట్టం తలుపు తీశాను.
పిల్లలంతా ఊపిరి బిగబట్టారు.
కళ్లజోడు పిల్ల ఒకతి, సున్నీవా,
మోకాళ్ల మీద వంగి బండి కిందికి చూసి
"ఎడమ చెక్కకి పగులుండాలి," అంది.
"నలభయ్యో పేజీ."

బాగుచేయించాం, అన్నాను.
నమ్మలేదు.
నమ్మలేదని ఎవరికీ చెప్పనూ లేదు.
జేబులోంచి ఎండుద్రాక్షలు తీసి
రెండు నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయింది.

రాత్రి అక్కకి ఫోన్ చేశాను.
నర్సు ఆమె చెవి దగ్గర పెట్టింది.
ఈ మధ్య నా పేరు కూడా మరిచిపోతోంది,
మోన్స్ అనే పిలుస్తోంది.
"ఆ పగులెలా వచ్చింది?" అని అడిగాను.
చాలాసేపు ఊపిరే వినిపించింది.

"నువ్వే గదా," అంది,
"మలుపు దగ్గర చెయ్యి వదిలేశావు."

ఉలి వెతుక్కుని
కొట్టంలోకి వెళ్లాను.